కారు కోరుట తప్పు కాదు

2025 సెప్టెంబరు మాసమున సింగరేణి గనుల ప్రాంతమునకు రెండు వార్తలు జంటగా వచ్చినవి. కంపెనీ లాభములలో వాటాగా స్థిర కార్మికునకు సగటున 1,95,610 రూపాయలు లభించునని ప్రభుత్వము ప్రకటించుట మొదటిది. చిన్న కార్లపై వస్తుసేవల పన్ను నూటికి 28 నుండి 18కి దిగుట రెండవది. ఇక గోదావరిఖనిలో, రామగుండములో కార్ల బేరగాండ్రకు వేఱు పంట కావలయునా? తండ్రి వాటాసొమ్ము ముందుగా కట్టుము, తక్కినది నెలనెల తీర్చుము, తాళములు నేడే పుచ్చుకొనుము అని యువకుల చెవులలో నూరిపోయుచున్నారు.

ఇది చూచి మన పెద్దలు కొందఱు, ఈ కాలపు కుఱ్ఱవాండ్రకు ఆడంబరము హెచ్చినదని పెదవి విఱచుచున్నారు. వారితో మేము ఏకీభవింపజాలము. బొగ్గు త్రవ్వినవాని కుమారుడు కారెక్కరాదని ఏ శాస్త్రమున నున్నది? అర్ధరాత్రి షిఫ్టు దిగి యిల్లు చేరవలసినవానికి, జబ్బుపడిన తల్లిని కరీంనగరమునకో హైదరాబాదునకో కొనిపోవలసినవానికి కారు విలాసము కాదు. అధికారి వాకిట నిలిచిన అవసరమును, కార్మికుని వాకిట నిలిచిన ఆడంబరమును అగు వస్తువు లోకమున గలదా? తప్పు కోరికలో లేదు. ఆ కోరికను తూచి యమ్ము త్రాసులో నున్నది.

ఆ త్రాసునే పరిశీలింతము. అప్పు ఆఱు లక్షలు. వడ్డీ సాలునకు నూటికి పది. తఱుగుచున్న అసలుపై లెక్కించినచో, 36 నెలలలో తీర్చువానికి కిస్తీ 19,360 రూపాయలు. మొత్తము వడ్డీ సుమారు 97 వేలు. అదే అప్పును 84 నెలలకు సాగదీసిన కిస్తీ 9,961 రూపాయలకు దిగును. వడ్డీ సుమారు 2,36,700 రూపాయలకు ఎక్కును. బేరగాడు దిగిన కిస్తీని చాటును, ఎక్కిన వడ్డీని మ్రింగును. ఇంతకంటె ఘోరమైనది ఫ్లాటు వడ్డీ. తొలినాటి ఆఱు లక్షలపైననే ఏడేండ్లును నూటికి పది చొప్పున గుంజినచో వడ్డీ 4,20,000; కిస్తీ 12,143. రెండింటికిని నోటిమాట "నూటికి పదియే". తీర్చివేసిన అసలునకు సైతము వడ్డీ వసూలు చేయుటను మేము వ్యాపారమనజాలము.

స్థిరోద్యోగి జీతపు చీటి చూచి బ్యాంకు పిలిచి యప్పిచ్చును. కాంట్రాక్టు కార్మికుని గతి యేమి? అదే యేట అతనికి దక్కిన వాటా 5,500 రూపాయలు! ఒకే గని, ఒకే దుమ్ము, ఒకే యపాయము. వాటాలు మాత్రము రెండు. 1990 ప్రాంతమున లక్షకు పైబడి యుండిన స్థిరోద్యోగులు నేడు నలుబది వేల ప్రాంతమునకు దిగిరి. ఇట్టి చోట నిలుకడలేని కూలిపై బ్రదుకు యువకుడు, బ్యాంకు తలుపు మూయగా వడ్డీకొట్టు మెట్లెక్కును. కారును కిరాయికి త్రిప్పి కిస్తీలు తీర్చెదనని తలచును. రెండు నెలలు కిరాయి రాకున్న బండియు పోవును, కట్టిన సొమ్మును పోవును. జామీను పడిన తోటివాడు సైతము తప్పించుకొనజాలడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేఱుగా లేనియెడల, జామీనుదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. కచేరీ వరండాలలో ఇట్టివారి ముఖములను మేము చూచియున్నాము.

చట్టము మనకు ఆయుధము నీయకపోలేదు. మనమే దానికి త్రుప్పు పట్టించుచున్నాము. 2024 అక్టోబరు 1 మొదలు ఇట్టి ఋణము మంజూరు చేయు ప్రతి బ్యాంకును, ప్రతి ఫైనాన్సు కంపెనీయు ముఖ్యాంశముల పత్రము నీయవలెనని రిజర్వు బ్యాంకు శాసించినది. రుసుములన్నియు కలిపిన సాలుసరి నిజవ్యయము అందు కనబడవలెను. ఆ పత్రము ఋణగ్రహీతకు తెలిసిన భాషలో నుండవలెను. దానిని వివరించి చెప్పవలెను. యోచించుకొనుటకు కనీసము మూడు పనిదినముల గడువీయవలెను. మనలో ఎందఱు ఆ పత్రమును తెలుగున నడిగితిమి? చదువని ఆంగ్లము క్రింద తెలుగు సంతకము పెట్టుట యెట్టి స్వాతంత్ర్యము? కిస్తీ తప్పినను గూండాలను పంపి బండి నపహరింపరాదని సర్వోన్నత న్యాయస్థానము 2007లోనే హెచ్చరించినదని ఎందఱెఱుగుదురు?

కార్మిక సంఘములారా! గేటు మీటింగులలో జెండాల మాటలతోపాటు ఈ పత్రమును గూడ చదివి వినిపింపుడు. సింగరేణిలో నూటికి 51 వాటా గల రాష్ట్ర ప్రభుత్వమును, 49 వాటా గల కేంద్ర ప్రభుత్వమును మేమడుగునది భిక్ష కాదు. కాంట్రాక్టు కార్మికునకు కాపాడదగిన వేతనమును, బ్యాంకు నమ్మదగిన జీతపు చీటిని ఇప్పింపుడు. వడ్డీకొట్టు దానంతటదియే మూతపడును.

యువకులారా! కారు కొనుడు, మేము వలదనము. కాని తెలుగు పత్రము చేతికి రానిదే సంతకము పెట్టకుడు. ఆ పత్రము నీయనివాని గడప త్రొక్కకుడు. వచ్చిన పిమ్మట మూడు దినములాగి, ఇంటివారియెదుట లెక్క వేయుడు. కారు ఎక్కడికిని పాఱిపోదు. భూగర్భమున మీ తండ్రులు కార్చిన చెమటకు వచ్చిన వాటాసొమ్ము మాత్రము, ఒకసారి చేయిదాటిన మఱల రాదు.