అడవి చేసే మేఘమథనం

చిట్టితల్లీ, ఈ ఉత్తరం నీతోపాటు నీ ఈడు పిల్లలందరికీ. ఫిన్లాండ్ నుంచి నువ్వు పంపిన పైన్ అడవి ఫొటో చూసి "వాసన ఎలా ఉందే?" అనడిగితే నవ్వావు. అసలు సంగతి ఆ వాసనలోనే ఉందమ్మా. జామాయిల్ ఆకు అరచేతిలో నలిపితే ముక్కుకు గుప్పున తగిలే ఘాటు ఉంటుందే, పైన్ చెట్లు వదిలే ఆవిరులదీ అదే కుటుంబం. టెర్పీన్లంటారు. అవి గాలిలోని ఓజోన్‌తో కలిసి రూపు మారి, ఇక ఆవిరిగా నిలవలేక 1, 2 నానోమీటర్ల రేణువులుగా ముద్దకడతాయి. మరిన్ని ఆవిరులు వచ్చి చేరి 50, 100 నానోమీటర్లకు ఎదిగాయంటే, వాటిని పట్టుకునే మబ్బులో నీటిచుక్క పుడుతుంది. అలాంటి రేణువు ఆసరా లేనిదే అక్కడ చుక్క కట్టదు. ఆ రేణువులు కొంత ఎండను వెనక్కి మళ్లిస్తాయి, మబ్బులను ఇంకాస్త తెల్లబరుస్తాయి. అలా నేలకు కొద్దిగా చల్లదనం.

రాయలసీమలో మేఘమథనమని విమానాలతో మబ్బుల్లో రసాయనాలు చల్లిస్తే మేం తలలెత్తి చూశాం. ఆ పని అడవి కూలి అడక్కుండా చేస్తుందని మాలో ఎందరికి తెలుసు? మా తరం అడవిని కలప లెక్కనే చూసింది, ఆనక మొక్కలు నాటి ఫొటోలు దిగింది. కొండల మీది నీలిమసకకు చెట్ల ఆవిరులే కారణమని ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రవేత్త 1960లోనే రాశాడు. గంధకపు కాలుష్యం తోడు లేకుండానే చెట్ల ఆవిరులు రేణువులు కాగలవని 2016లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాల ప్రయోగం తేల్చింది.

నా బెంగ అమెజాన్ గురించి. వానాకాలంలో అక్కడి గాలిలో ఘన సెంటీమీటరుకు కొన్ని వందల రేణువులే ఉంటాయి, చాలావరకు అడవివే. అడవిని తగలబెట్టే నెలల్లో పొగతో అవి వేలకు చేరతాయి. ఉన్న నీరే అన్నిటికీ పంచుకోవాలి కనుక చుక్కలు చిన్నవై, తొందరగా వానై రాలవు. రేణువులు ఎక్కువైతే వాన ఎక్కువని పొరబడకు తల్లీ.

మీ దేశంలోనే హ్యూటియాలా అడవిలో 1990ల నుంచి ఆవిరుల్లోంచి రేణువుల పుట్టుకను కొలుస్తున్నారు. వసంతంలో, ఎండ కాసే పగటిపూట ఎక్కువగా జరుగుతుందట. ఆ రోజుల్లో వీలు చూసుకుని వెళ్లిరా, యంత్రాల దగ్గరివాళ్లను మొహమాటపడక అన్నీ అడుగు. అప్పటికీ అక్కడ చలేనంటావుగా, స్వెట్టర్ మరవకు.

ఆశీస్సులతో,
తాతయ్య