కుంట తవ్వగానే సరా?

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదైనా అదనుకు పడదు. వేరుశనగ ఊడలు దిగే వేళ మొగం చాటేసి, తర్వాత ఒక్క రాత్రిలో కురిసి వంకల పాలవుతుంది. ఆ పోయే నీటిని చేనులోనే నిలుపుకోవాలని రైతు కుంట తవ్వించుకోవడం మంచిదే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ ప్రారంభమైన తర్వాత ఆ పనుల కింద జిల్లాలో ఎన్నో కుంటలు తవ్వారు. అయితే గొయ్యి తీసినంత మాత్రాన అది కుంట కాదు. తవ్వించే ముందు రైతు తెలుసుకోవలసినవి కొన్ని వున్నాయి.

మొదటిది లెక్క. పైన 10 మీటర్ల చదరం, లోతు 3 మీటర్లు, ఏటవాలుగా దిగి అడుగున 4 మీటర్ల చదరం వుండే కుంటలో 1,56,000 లీటర్ల నీరు పడుతుంది. వినడానికి పెద్ద అంకె. ఎకరా చేనుకు పారిస్తే నాలుగు సెంటీమీటర్ల నీరు కూడా నిలవదు. అంటే వాడుతున్న పైరుకు ఒక్క తడి. ఆ ఒక్క తడే పంటను దక్కించవచ్చు. కాని దానిని నమ్ముకొని వరి నాటితే నష్టపోక తప్పదు. నడి వేసవిలో ఎండకే రోజుకు సెంటీమీటరుకు దగ్గరగా నీరు ఆవిరైపోతుంది.

రెండవది చోటు, నేల. వాన నీరు తనంతట తాను పారి వచ్చే పల్లంలోనే కుంట వుండాలి. నల్లరేగడిలో నీరు నిలుస్తుంది గాని గట్లు జారతాయి, అందుచేత వాలు ఎక్కువ ఇవ్వాలి. ఎర్రనేలలో నీరు ఇంకిపోతుంది. బోర్లలో ఊట పెరగాలంటే అది మేలే. నీరు నిలవాలంటే మాత్రం ప్లాస్టిక్ పట్టా పరచాలి, లేదా జల్లెడ పట్టిన మట్టి 6 పాళ్లు, సిమెంటు 1 పాలు కలిపి పూత వేయించాలి. ఈ ఖర్చు తవ్వకం ఖర్చుకు అదనం.

మూడవది నీటి దారి. నీరు లోపలికి వచ్చే చోట ఒండ్రు ఆగడానికి చిన్న గుంత, నిండిన నీరు పోవడానికి రాళ్లు పేర్చిన అలుగు తప్పనిసరి. ఇవి లేకపోతే కుంట నాలుగేళ్లలో పూడుతుంది, లేదా పెద్దవానకు గట్టు తెగుతుంది. తవ్విన మట్టిని అంచునే పోయరాదు. కనీసం ఒక మీటరు వదలాలి.

అన్నింటికన్నా ముఖ్యం కంచె. వెనుకటి దిగుడు బావులకు మెట్లుండేవి. జారినవాడికి పట్టు దొరికేది. పట్టా పరచిన కుంటలో ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. కాలు ఆనదు, చేయి నిలవదు. సెలవుల్లో ఈతకు దిగిన పిల్లలు, గొర్రెలకు నీళ్లు పట్టబోయినవారు కుంటల్లో ప్రాణాలు కోల్పోయారన్న వార్తలు ఏటా వస్తూనే వున్నాయి.

కంచె వేస్తే పశువులు తాగేదెలా అని కొందరు అడుగుతారు. గట్టు బయట తొట్టి కట్టి నీరు నింపితే పశువులకూ సుఖం, గట్టూ చెడదు. ఇనుప కంచెకు డబ్బు లేనివారు ముళ్లకంప నాటినా సరిపోతుంది. ముడులు వేసిన మోకును గట్టుమీద గుంజకు గట్టిగా కట్టి నీటిలోకి వేలాడదీయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇది రైతు ఒక్కడి బాధ్యత కాదు. ప్రభుత్వ సొమ్ముతో తవ్వే కుంటకు పొడవు, వెడల్పు, లోతు కొలిచి బిల్లు రాసే అధికారి అలుగు, కంచె కూడా చూసి రాయాలి. అవి లేని కుంటను పూర్తయిన పనిగా లెక్క కట్టరాదు. వాడకం లేని పాత కుంటలను పంచాయతీలు గుర్తించి, బాగు చేయించడమో పూడ్చడమో చేయాలి. పంటను బతికించడానికి తవ్విన కుంట పిల్లల పాలిట గండం కారాదు.