ఎక్కడ పోయాయి?

ఈ సంక్రాంతికి మెట్టకూరులో మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. భోజనాల దగ్గర అక్కయ్య మనవరాలు ముద్ద ముట్టలేదు. డిగ్రీ మొదటి ఏడు. కెమిస్ట్రీ ఇంటర్నల్లో 25కి 9 వచ్చాయట.

"నాకు సైన్సు రాదు చిన్నమ్మమ్మా, మానేస్తాను."

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారనీ, 1925లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించి పేరు తెచ్చుకున్నారనీ చెప్పాను.

"ఆయన సుబ్బారావుగారు. నేను కాదుగా!" అంది. నిజమే మరి.

"ఏదీ, నీ పేపరు తే" అన్నాను. ఇద్దరం కూర్చుని చూశాం. మోల్ లెక్క ఒక్కటే రెండుచోట్ల తప్పి పది మార్కులు మింగేసింది. పుస్తకం మూసి, ఆ లెక్క నాలుగుసార్లు చేసింది. రాత్రి మారు వడ్డించమంది.

మీ పిల్లల్నీ "ఎన్నొచ్చాయి?" అనడం మాని, "ఎక్కడ పోయాయి?" అని పక్కన కూర్చుని అడిగి చూడండి.