కొలత మనదే, రంపమూ మనదే

ఏ ఇంట్లోనైనా ఒక్కసారి చుట్టూ చూడండి. వంటింటి తలుపు నేలకు గీసుకుంటుంటుంది. అల్మారీ రెక్కకు మడతబందు ఊడి ఓ పక్కకు వేలాడుతుంటుంది. పీటకు ఒక కాలు కదులుతుంటే దానికింద మడిచిన అట్టముక్క ఉంటుంది. కిటికీకి గొళ్లెం లేక గుడ్డపీలిక కట్టి ఉంటుంది. ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉన్నాయని అడిగితే ఇల్లాలు చెప్పే జవాబు ఒక్కటే: "వడ్లాయన వస్తనన్నడు, ఇంకా రాలే." ఆ 'ఇంకా' అన్నమాట వయసు నెల కావచ్చు, మూడేళ్లూ కావచ్చు.

ఇందులో వడ్లాయన తప్పేమీ లేదు. వెనక నల్లగొండ, పాలమూరు పల్లెల్లో నాగళ్లూ గుంటకలూ బండిచక్రాలూ ఆయన చేతిమీదే నడిచేవి. పంట ఇంటికి రాగానే ఏడాదికి ఇంతని ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్లు. ఊరికీ ఆయనకూ ఆ ముడి ఉండేది కాబట్టి పీటకాలు ఊడినా, కవ్వం విరిగినా పిలిస్తే పలికేవాడు. ట్రాక్టర్లు వచ్చాయి, బండ్లు పోయాయి, ఆ ముడీ తెగింది. ఉన్న కొద్దిమందీ హైదరాబాదులోనో, జిల్లా కేంద్రంలోనో కొత్త ఇళ్ల తలుపులు, కప్‌బోర్డుల కాంట్రాక్టుల్లో ఉన్నారు. నాలుగు మేకులు కొట్టడానికి రోజుకూలీ వదులుకుని రమ్మంటే ఎవరు మాత్రం వస్తారు?

ఇక ఇంట్లో మగవాళ్ల సంగతంటారా? "ఆదివారం చూద్దాంలే" అంటారు. ఆదివారాలు వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి.

సరే, వడ్లాయన రాడు, ఆయన చూడడు. మరి మనం ఎందుకు ఎదురుచూస్తున్నాం? ఆ తలుపును రోజుకు ఇరవైసార్లు తీసి వేసేది మనం. ఆ పీటమీద కూర్చునేది మనం. మన చేతికి స్క్రూడ్రైవర్ రాకుండా అడ్డుకున్నదెవరు?

రాళ్లు మోసిన చేతులు

"ఆడవాళ్లకు అంత బలమెక్కడిదమ్మా" అని చాలా సులువుగా అనేస్తారు. మన జిల్లాల్లో ఉండి ఈ మాట అనడానికి కొంచెం ధైర్యమే కావాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే పేరుపడ్డ ఆ కట్టడానికి రాళ్లూ సున్నమూ తలమీద మోసినవాళ్లలో వేలమంది ఆడకూలీలున్నారు. పాలమూరు లేబరు అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ ప్రాజెక్టు కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మొగుడి పక్కన పెండ్లాం గంప ఎత్తింది. ఇసుర్రాయి తిప్పినవాళ్లం, రోకలితో దంచినవాళ్లం, బావిలోంచి నీళ్లు చేదినవాళ్లం. పావుకిలో సుత్తి మనకు బరువా?

అసలు రంపం బలంతో కోసేది కాదు, ఓపికతో కోసేది. గట్టిగా నొక్కితే వంకర పోతుంది. దాని దారిన దాన్ని పోనిస్తే గీతమీదే పోతుంది. ఓపిక మనకు ఒకరు నేర్పాలా?

నేర్పు సంగతీ అంతే. వాకిట్లో ఇరవయ్యొక్క చుక్కల ముగ్గును చెయ్యి తిప్పకుండా వేసే అమ్మాయి కంటికి మూలమట్టం తెలియదనగలమా? జాకెట్టు గుడ్డను అంగుళం వృథా కాకుండా కత్తిరించే ఆమెకు చెక్కమీద గీత గీయడం ఎంత పని? గుడ్డకు పోగు వరస ఉన్నట్టే చెక్కకూ నార వరస ఉంటుంది. నార వెంబడి కోస్తే ఒకలాగా, నారకు అడ్డంగా కోస్తే ఇంకోలాగా నడుస్తుంది. కుట్టుపని వచ్చినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది.

అడ్డు వచ్చింది బలమూ కాదు, నేర్పూ కాదు, అలవాటు. బళ్లో చేతిపని పీరియడ్ అంటే మనకు సూదీ దారమూ ఇచ్చారు. 1937లో వార్ధాలో గాంధీజీ ముందుకు తెచ్చిన చదువు పద్ధతిలో నూలు వడకడంతో పాటు వడ్రంగమూ ఉంది. ఆ ఆలోచన మన బళ్ల గడప దాటి లోపలికి రానేలేదు. స్వీడన్‌లో ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ బళ్లో కొయ్యపనీ నేర్చుకుంటారు, కుట్టుపనీ నేర్చుకుంటారు. అంతదూరం ఎందుకు, కేరళలో ఏట్టుమానూరులోని అర్చనా విమెన్స్ సెంటర్ ఆడవాళ్లకు తాపీపని, వడ్రంగం నేర్పి వాటితోనే బతికే దారి చూపింది. అక్కడి ఆడవాళ్ల చేతుల్లో లేనిదేదో మన చేతుల్లో అదనంగా ఉందా, అడ్డంపడడానికి?

నొప్పి ఒకరిది, పనిముట్టు ఇంకొకరిది

ఇంట్లో వస్తువును వాడేది ఒకరు, చేసేది ఇంకొకరు అయితే ఏమవుతుందో తెలియాలంటే మన ఆలేరు వైపు కథే వినాలి.

పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన మేకుల చుట్టూ దారాన్ని పైకీ కిందికీ తిప్పాలి. ఒక్క చీరకు సుమారు తొమ్మిదివేలసార్లు చెయ్యి ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేలసార్లు. ఈ పని మగ్గం ఇళ్లల్లో ఆడవాళ్లది. భుజాలు పట్టేస్తాయి, మోచేతులు వాస్తాయి, కళ్లు మండుతాయి. తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కిందామీదా పడి 1999లో ఆసుయంత్రం చేశాడు. ఆరో తరగతితో చదువు ఆపేసి మగ్గమెక్కినవాడు ఆయన. యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

ఆ కొడుక్కి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది. అంతకుముందు ఎన్ని తరాల తల్లులు భుజాలు పట్టుకుని పడుకున్నారు! అన్నాళ్లూ ఆ మేకుల చట్రం మారకుండా ఎందుకుంది? నొప్పి ఉన్న చేతిలో పనిముట్టు లేదు, పనిముట్టు ఉన్న చేతికి నొప్పి లేదు. అందుకు. మల్లేశంలాంటి కొడుకు అందరి కడుపునా పుట్టడు. పుట్టేదాకా ఓర్చుకోవడమే మన పనా?

మన వంటిళ్లు చూడండి, ఇదే కథ. గట్టు ఎత్తు మేస్త్రీ నిర్ణయిస్తాడు. అరల ఎత్తు ఇంటాయన నిర్ణయిస్తాడు. గట్టు మరీ కిందికుంటే నడుం వంగుతుంది, మరీ పైకుంటే చపాతీ ఒత్తుతుంటే భుజం లేస్తుంది. పై అరలో పప్పుడబ్బా అందక కదిలే పీటమీద కాలివేళ్లమీద నిలబడతాం. జారి పడితే "చూసుకోవద్దా" అని తిట్టేదీ మననే.

ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1926లో మార్గరెటె షూటె-లిహోత్స్కీ అనే ఆర్కిటెక్టు కొత్త ఇళ్లకోసం వంటగదికి నమూనా గీసింది. ఇల్లాలు ఎన్ని అడుగులు వేస్తుంది, ఏ వస్తువుకోసం ఎటు తిరుగుతుంది అని లెక్కలు చూసి, కూర్చుని కూరగాయలు తరిగేందుకు స్టూలు సహా అన్నీ చేతికందేలా అమర్చింది. అట్లాంటి వంటగదులు దాదాపు పదివేలు కట్టారు. నేటి వంటిళ్లకు అదే మొదటి మెట్టు అంటారు. ఆమెలా మనమూ కొలత తీసుకోవచ్చు. నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. అక్కడినుంచి నాలుగైదు అంగుళాలు కిందికి ఉంటే గట్టు మీ ఎత్తుకు సరిపోయినట్టు. బరువైన డబ్బాలు నడుముకూ భుజానికీ మధ్య ఉండాలి. ఈ కొలత మన ఒంట్లోనే ఉంది, మేస్త్రీ టేపులో లేదు.

చిన్నగా మొదలుపెడదాం

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒక సుత్తి, రెండు సైజుల స్క్రూడ్రైవర్లు, చేతిరంపం, కొలతటేపు, మూలమట్టం, కటింగ్ ప్లేయర్, నాలుగు గరుకు కాగితాలు, ఒక ఫెవికాల్ డబ్బా చాలు. గోడలకు బెజ్జాలు వేసే డ్రిల్లింగ్ మిషను అవసరమనిపిస్తే నలుగురు ఇరుగుపొరుగువాళ్లు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

మొదటి పని మడతబందుతో మొదలుపెట్టండి. స్క్రూ బిగిస్తే తిరిగి తిరిగి ఊడుతోందంటే చెక్కలో రంధ్రం పెద్దదైందన్నమాట. అగ్గిపుల్లల మందు తీసేసి, పుల్లలకు ఫెవికాల్ రాసి ఆ రంధ్రంలో దట్టించండి. ఆరాక పైకి వచ్చిన కొనలు కోసేసి మళ్లీ స్క్రూ బిగించండి. గట్టిగా కూర్చుంటుంది.

వానకాలంలో తలుపు బిగుసుకుంటే వెంటనే చిత్రిక పట్టకండి. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, మన ఎండలకు మళ్లీ కుంచించుకుపోతుంది. వానల్లో చెక్కేస్తే ఎండాకాలంలో సందు పడుతుంది. ఎక్కడ రాసుకుంటోందో సుద్దముక్క రాసి కనిపెట్టి, అక్కడ కొవ్వొత్తి రుద్దండి. ఎండలొచ్చాకా పట్టేస్తుంటే అప్పుడు గరుకు కాగితం పెట్టండి.

తర్వాత ఒక మెట్లపీట చేసుకోండి, పై అర అందడానికి. కొత్త టేకు కొనక్కర్లేదు. పాతిల్లు విప్పినచోట వేప, తుమ్మ చెక్కలు దొరుకుతాయి. వేప మెత్తన, పని సులువు. తుమ్మ మొండి, ముందు సన్నగా బెజ్జం వేయకుండా మేకు కొడితే చీలుతుంది. పాత చెక్కలో దాగిన మేకులు తీశాకే రంపం పెట్టండి. మన ఎర్రమట్టి నేలల్లో చెదలు ఎక్కువ కాబట్టి పీటనైనా పెట్టెనైనా గోడకు ఆనించకుండా, అడుగున బండముక్క వేసి నిలబెట్టండి.

కొంగు నడుముకు దోపండి, గాజులు పక్కనపెట్టండి, జడ ముడేసుకోండి. పొట్టు ముక్కులోకి పోకుండా చేతిరుమాలు కట్టుకోండి. స్విచ్‌బోర్డుకు పైనా కిందా గోడలో డ్రిల్లు పెట్టకండి, లోపల వైర్లు ఉంటాయి. ఇంతే జాగ్రత్త.

రెండు అభ్యంతరాలు

వడ్రంగి పొట్ట కొట్టినట్టు కాదా అని కొందరంటారు. ఆయన రాని పని మనం చేసుకుంటే ఆయనకు పోయేదేమీ లేదు. దర్వాజలు, మంచాలు, అల్మారీలు ఎప్పటికీ ఆయనవే. పైగా ఒక్క చెక్కను సొంత చేత్తో నునుపు చేసినవాళ్లు ఆయన కూలి దగ్గర బేరమాడరు. ఇంకో మాట. ఆ ఇళ్లల్లోని ఆడపిల్లలకూ ఉలి పట్టడం నేర్పితే చేతివృత్తి ఇంకో తరం బతుకుతుంది.

రెండో అభ్యంతరం అసలైనది. "ఉన్న చాకిరీ చాలదని మళ్లీ ఇదొకటా?" నిజమే. వంటా మనదే, అంట్లూ మనవే, పిల్లలూ మనవాళ్లే, ఇప్పుడు తలుపులూ మనవేనా? కాబట్టి షరతు మొదటే పెట్టుకోవాలి. రంపం మన చేతికి వచ్చిననాడు గరిటె ఇంకో చేతికి పోవాలె. మనం పీట చేస్తున్న ఆదివారం అన్నం ఇంటాయన వండాలె, అంట్లు కొడుకు తోమాలె. అట్లా కాకుండా నెత్తిన ఇంకో మూట పెట్టించుకుంటే అది స్వావలంబన కాదు, వెట్టి.

అయినా చాలా ఇళ్లల్లో ఇది సరదా వ్యవహారం కాదు. పాలమూరు జిల్లానుంచి మగవాళ్లు బొంబాయికో, హైదరాబాదుకో పనికి పోయిన ఇళ్లున్నాయి. భర్త పోయి పిల్లలతో ఒంటరిగా ఉన్నవాళ్లున్నారు. ఉద్యోగంకోసం పరాయి ఊళ్లో గది తీసుకున్న అమ్మాయిలున్నారు. వాళ్లకు గొళ్లెం ఊడిన తలుపు అంటే తెల్లారేదాకా కంటికి కునుకులేని రాత్రి. ఎవరినైనా పిలిచి బాగుచేయించాలన్నా, ఒంటరిగా ఉన్నామని తెలిసిపోతుందనే భయం. ఆ రాత్రి నాలుగు స్క్రూలు బిగించడం వస్తే ఎంత ధైర్యమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

పెండ్లిలో బిడ్డకు మంచమిస్తాం, బీరువా ఇస్తాం, డ్రెస్సింగ్ టేబులు ఇస్తాం. ఆ మంచం బోల్టు వదులైతే బిగించుకునే పానా మాత్రం ఎన్నడూ ఇవ్వం. ఈసారి ఇద్దాం. పెండ్లిదాకా ఆగడం కూడా ఎందుకు? తొమ్మిదో తరగతి చదివే బిడ్డ చేతికి ఈ సెలవుల్లోనే సుత్తి ఇచ్చి, దాని పుస్తకాల అర దాన్నే చేసుకోమందాం. ఎత్తు ఎంతుండాలో అది కొలుచుకుంటుంది. వంకర పోతే పోనిద్దాం, రెండోది తిన్నగా వస్తుంది.