బేరం కుదిరింది, జీతమేదీ?

ఫుట్‌బాల్ మేనేజరు అన్న కంప్యూటరు ఆటలో బంతిని తన్నే పని మనకుండదు. జట్టును నడపడమే మన పని. 1992లో కాలియర్ సోదరులు చాంపియన్‌షిప్ మేనేజరు అన్న పేరుతో మొదలుపెట్టిన ఈ వరుస 2004 నుండి ఇప్పటి పేరుతో వస్తున్నది. ఆడనివారికి ఇందులో ఏముందో చెప్పడం కష్టం. కరణంగారి లెక్కల పుస్తకంలాంటి తెర, దాని నిండా పేర్లూ అంకెలూ. నన్ను అర్ధరాత్రి దాటినా కుర్చీలోంచి లేవనివ్వనిది అందులోని జీతాల బేరం. మ్యాచిలు ఆ తరువాతే.

ఆటగాడి తరఫున ఏజెంటు వస్తాడు. వారానికి ఇంత జీతం, సంతకం చేసినందుకు ఇంత, మైదానంలో దిగిన ప్రతిసారీ ఇంత, గోలుకు ఇంత, ఏజెంటుకు విడిగా ఇంత. జట్టు కింది శ్రేణికి పడిపోతే జీతం తగ్గాలని మనం, పై శ్రేణికి ఎక్కితే పెరగాలని అతడు. ఒకటి కోస్తే మరొకటి పెంచుతాడు. మరీ గీచి గీచి బేరమాడామా, ఓపిక నశించి లేచిపోతాడు.

నడికుడిలో పుట్టి పెరిగినవాడికి ఇదేమీ కొత్త విద్య కాదు. మిరపకోతల కాలంలో రైతుకూ ముఠామేస్త్రికీ మధ్య నడిచే బేరం అచ్చం ఇలాగే ఉంటుంది. కూలి ఒక్కటే తెగితే చాలదు. ఆటో కిరాయి ఎవరిది, బయానా ఎంత, మేస్త్రికి వేరుగా ఎంత అన్నవన్నీ తేలాలి. పక్క చేనువాడు పది రూపాయలు ఎక్కువ ఇస్తానంటే తెల్లవారేసరికి ముఠా అక్కడుంటుంది. కాయ చెట్టుమీదే ఎండిపోతుంటే రైతుకెంత తొందరో, బదిలీల గడువు ముగిసే రోజున మేనేజరుకూ అంత తొందర.

ఆటలో నాకు బాగా నచ్చిన అంశం ఒకటుంది. ఒప్పందంలో జీతంతోపాటు, జట్టులో అతనికి ఏ పాటి స్థానమిస్తామో కూడా చెప్పాలి. ముఖ్య ఆటగాడివని మాటిచ్చి బెంచీ మీద కూర్చోబెడితే కొద్ది వారాల్లో తగవు మొదలవుతుంది. ఒక్కోసారి తోటి ఆటగాళ్ళు కూడా అతని పక్షం వహిస్తారు. పనివాడికి కూలితోపాటు మర్యాద కూడా బాకీ ఉంటామన్న సంగతిని ఒక ఆట ఇంత సూటిగా లెక్కలోకి తీసుకోవడం గొప్ప విషయమే.

అయితే మనం కూర్చునే కుర్చీ ఎప్పుడూ యజమాని వైపుదే. పందొమ్మిదేళ్ళ కుర్రాడి చేత, తన విలువ తనకు తెలియకముందే, అయిదేళ్ళకు చవగ్గా సంతకం చేయించుకోవడాన్ని ఈ ఆట ఆడేవారంతా నేర్పు అంటారు. మా తాతల కాలంలో పాలేరును ఏడాదికి కుదుర్చుకునే రైతు కూడా దాన్ని నేర్పనే అనేవాడు. ఇన్ని జొన్నలు, బట్టలు, చెప్పులు, ముందుగా కొంత అప్పు. ఆ అప్పు తీరితేగాని పాలేరు మరో కామందు గడప తొక్కడానికి లేదు. అప్పుకింద మనిషిని కట్టివేసే ఆ పద్ధతిని రద్దుచేస్తూ 1976లో చట్టమే చేయవలసివచ్చింది.

ఫుట్‌బాల్ పుట్టిల్లయిన ఇంగ్లండులోనూ ఆటగాడి బతుకు దీనికి మరీ దూరంగా ఏమీ లేదు. ఎంతటి మొనగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వరాదన్న నియమం ఉండేది. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళు సమ్మెకు సిద్ధపడ్డాక, 1961 జనవరిలో గాని అది పోలేదు. ఒప్పందం గడువు తీరినా క్లబ్బు వదిలితేనే వెళ్ళాలి. జార్జి ఈస్ట్‌హామ్ న్యూకాజిల్ క్లబ్బు మీద వేసిన దావాలో 1963లో న్యాయస్థానం ఆ కట్టడిని తప్పుపట్టింది. గడువు తీరిన ఆటగాడు పైసా బదిలీ రుసుము లేకుండా మరో క్లబ్బుకు పోవచ్చని ఐరోపా న్యాయస్థానం బోస్మన్ కేసులో తేల్చింది 1995లో. ఈనాడు ఆటలో ఏజెంటు మనమీద అంత ధీమాగా విసుక్కుంటున్నాడంటే వెనుక ఇంత కథ ఉంది.

ఇక నా అసలు ఫిర్యాదు. నేను ఆడినన్నాళ్ళలో నా జట్టులో ఒక్క వారం జీతం ఆగలేదు. బేరం కుదరడమే కష్టం. కుదిరిందా, సొమ్ము దానంతటదే చేరిపోతుంది. మన దగ్గర కష్టమంతా అక్కడే మొదలవుతుంది. హైదరాబాదు ఎఫ్.సి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్ళు తిరగకుండానే ఆటగాళ్ళకు జీతాలందక, బకాయిల మూలంగా కొత్తవారిని తీసుకోరాదన్న ఫిఫా నిషేధానికి గురై, ఉన్నవారు ఒక్కొక్కరే వెళ్ళిపోగా 2023-24లో అట్టడుగున మిగిలింది. చివరకు 2025లో ఢిల్లీకి తరలి పేరే మార్చుకుంది. ఆ ఆటగాళ్ళవన్నీ సంతకాలున్న ఒప్పందాలే. గోలుకింత, గెలుపుకింత అని ఎంత తెలివిగా రాయించుకుంటే మాత్రం ఏం లాభం?

అదే నగరంలో అంతకు 70 ఏళ్ళ ముందు మరో పద్ధతి ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. పోలీసుశాఖ ఉద్యోగమే ఆ ఆటగాళ్ళకు ఒప్పందం. కలకత్తా క్లబ్బులు ఇక్కడి మంచి ఆటగాళ్ళను ఆకర్షించకపోలేదు. సికింద్రాబాదువాడైన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. అయినా అన్నేళ్ళపాటు అంతటి జట్టు నిలిచిందంటే, రహీం గారి ప్రతిభతోపాటు నెలనెలా చేతికందే జీతానికి కూడా అందులో వాటా ఉందని నా నమ్మకం.

మా ఊరు రైల్వే కూడలి. కబడ్డీలోనో వాలీబాలులోనో కుర్రాడు కాస్త పైకొస్తే తండ్రి అడిగే మొదటి ప్రశ్న, "రైల్వే కోటాలో ఉద్యోగం వస్తుందా?" అని. ఇది పల్లెటూరి పిరికితనమని, ఆటను ఆటగా ప్రేమించడం మనకు చేతకాదని చదువుకున్న మిత్రులు తీసిపారేస్తుంటారు. నేనొప్పుకోను. ఏజెంట్లు, న్యాయవాదులు కూర్చుని రాసిన ఒప్పందాల్లో లోపించిన షరతునే ఆ తండ్రి మొదట అడుగుతున్నాడు.

కాబట్టి ఆట తయారుచేసేవారికి నాదొక విన్నపం. ఈసారి బొమ్మల మెరుగులు కాస్త తగ్గినా ఫరవాలేదు. ఒక ఏడాది ఆటగాడి వైపు కుర్చీ మాకివ్వండి. మూడు నెలలుగా జీతం రాలేదు, ఇంటి దగ్గర అప్పులవాళ్ళు, శనివారం మ్యాచి ఉంది. బస్సు ఎక్కాలా, మానాలా అన్నది మమ్మల్నే నొక్కి చెప్పమనండి.