‘మేడే’ అనడానికి జంకు ఎందుకు?

అహ్మదాబాద్ దుర్ఘటన జరిగి అప్పటికి వారమే. 2025 జూన్ 19న గువాహటి నుంచి చెన్నైకి వచ్చిన ఇండిగో విమానం అక్కడ దిగలేక బెంగళూరుకు మళ్లింది. ఇంధనం తగ్గిపోతోందని పైలట్లు ‘మేడే’ ప్రకటించారు. 168 మంది ప్రయాణికులూ క్షేమంగా దిగారు. ఆ తరువాత ఇద్దరు పైలట్లనూ విధుల నుంచి పక్కన పెట్టారని పత్రికలు రాశాయి.

అంతకు నెల ముందు, మే 21న, ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న మరో ఇండిగో విమానం పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ల తుఫానులో చిక్కుకుంది. ఎడమకు తప్పుకుంటామని అడిగితే, సరిహద్దు అటువైపే ఉన్నందున మన కంట్రోలర్లు ఒప్పుకోలేదు. లాహోర్‌ను అడిగితే వారూ కాదన్నారు. ముక్కు పగిలిన విమానాన్ని పైలట్లు శ్రీనగర్‌లో దించారు. విచారణ పేరిట వారినీ పక్కన పెట్టారు.

విచారణ ముగిసేదాకా అలా చేయడం ఆనవాయితీ, అది శిక్ష కాదు అంటారు. నిజమే కావచ్చు. కానీ రేపు కాక్‌పిట్‌లో కూర్చునే యువ పైలట్‌కు అది శిక్షలాగే కనిపిస్తుంది. నోటి దాకా వచ్చిన మాటను ఇంకో రెండు నిమిషాలు ఆపుకుందాం అనిపిస్తుంది.

ఆ ఆపుకోవడం ఏం చేయగలదో 1990 జనవరి 25న న్యూయార్క్ చూసింది. కొలంబియా నుంచి వచ్చిన ఏవియాంకా 52వ నంబరు విమానాన్ని వాతావరణం బాగాలేక మొత్తం గంటా పదిహేడు నిమిషాలు గాలిలోనే ఆపి ఉంచారు. దిగడానికి చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది. ఎమర్జెన్సీ అని చెప్పమన్నాడు కెప్టెన్. కోపైలట్ మాత్రం ఇంధనం అయిపోతోందని మామూలు మాటల మధ్య చెప్పి ఊరుకున్నాడు. చెప్పావా అని కెప్టెన్ అడిగితే చెప్పానన్నాడు. రద్దీలో ఉన్న కంట్రోలర్‌కు అందులో ఆపద వినిపించలేదు. విమానం లాంగ్ ఐలాండ్‌లో కొండవాలుపై కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. ట్యాంకుల్లో ఇంధనం లేదు కనుక మంటలు కూడా లేవలేదు.

ఇప్పుడు ‘మినిమమ్ ఫ్యూయల్’, ‘మేడే ఫ్యూయల్’ అని అంతర్జాతీయంగా నిర్ణయించిన మాటలున్నాయి. మొదటిది హెచ్చరిక. రెండోది వినగానే కంట్రోలర్ మిగతా విమానాలను పక్కకు తప్పించి దారి ఇస్తాడు, నేలపై అగ్నిమాపక వాహనాలు సిద్ధమవుతాయి. ‘సోల్స్ ఆన్ బోర్డ్’ ఎన్ని అని అడుగుతారు. ఆత్మలు ఎన్ని అని! చంటిబిడ్డ నుంచి కెప్టెన్ వరకు అందరూ ఆ లెక్కలోకే వస్తారు.

యంత్రాల మాటకొస్తే, నేటి విమానాలు ఒక ఇంజిన్ ఆగినా రెండోదానితో గంటల తరబడి ఎగరగలవు. ఇంజిన్ ఆగడం ఒక్కసారైనా చూడకుండానే రిటైరయ్యే పైలట్లు ఎందరో. ఆ నమ్మకంలో ఒక చిక్కుంది. ఆపదను సిమ్యులేటర్‌లో తప్ప ఎరగనివారికి ఆ మాట నిజంగా పలకాల్సిన రోజు నోరు పెగలదు.

ప్రియ పాఠకులారా, అమెరికాకో గల్ఫ్‌కో పిల్లల్ని పంపిన ఇళ్లు మన సంఘాల్లో చాలానే ఉన్నాయి. అదనపు ఇంధనం అంటే అదనపు బరువు, అదనపు ఖర్చు. కంపెనీలు ఆ లెక్క చూసుకుంటాయి. కాబట్టి ‘మేడే’ అన్న పైలట్‌ను మాత్రమే నిలదీస్తే సరిపోదు. బయలుదేరేటప్పుడు ఎంత ఇంధనం నింపారు, ఆ నిర్ణయం ఎవరిది, చెన్నైలో ఎందుకు దిగలేకపోయారు అన్నవి కూడా డీజీసీఏ అడగాలి. ఆ జవాబులు టికెట్ కొన్నవారికీ చెప్పాలి.