రాళ్లేరుకునే జాగా మనకూ ఒకటి కావాలి

అమెరికాలోని న్యూ మెక్సికోలో డెమింగ్ ఊరి దగ్గర 1966లో రాక్‌హౌండ్ స్టేట్ పార్క్ పెట్టారు. పార్కంటే పువ్వు తెంపినా కేకలేసే చోటు కదా! అక్కడ మాత్రం కొండెక్కి నచ్చిన రాళ్లు ఏరుకుని 15 పౌండ్ల దాకా, అంటే దాదాపు 7 కిలోలు, ఇంటికి పట్టుకెళ్లొచ్చు. ఆ దేశపు కేంద్ర ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల రాయిగా మారిన చెట్టు ముక్కల్ని కూడా ఏడాదికి 250 పౌండ్లు మించకుండా తెచ్చుకోవచ్చు, అమ్మకూడదు. జంతువుల ఎముకల శిలాజాలను మాత్రం అనుమతి లేకుండా ముట్టుకోనివ్వరు. ఏది పిల్లలకు, ఏది శాస్త్రానికి అన్నది అంత స్పష్టంగా గీత గీసి చెప్పారు.

మనకు రాళ్ల కొదవ లేదు. కరీంనగర్ ట్యాన్ బ్రౌన్ గ్రానైట్ విదేశాలకు పోతోంది. ఆదిలాబాద్ నల్లరేగడి కింద సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా రాయి ఉంది. వేమనపల్లి వైపు యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. అది అక్కడే ఉండాలి, ఎవరి అల్మారాలోనో కాదు.

నా మనసంతా రామగుండం వైపు బొగ్గు పొరల మీదే. ఆ బొగ్గుతోపాటు ఉండే బూడిదరంగు షేల్ అనే రాయిని పొర వెంబడి సుత్తితో మెల్లగా కొడితే పలకలా విడిపోతుంది. అదృష్టం బాగుంటే లోపల నాలుక ఆకారపు ఆకు అచ్చు కనిపిస్తుంది. నడుమ ఈనె, దానికి అటూ ఇటూ వలలా సన్నని గీతలు. అది గ్లోసోప్టెరిస్, పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన చెట్టు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో ప్రాణాలొదిలిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా మోసుకొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలో ఈ ఆకు అచ్చులు కూడా ఉన్నాయి. రామగుండంలోని గోదావరిఖని, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే నేల అనడానికి అది సాక్ష్యం. గోదావరిఖని పిల్లలకు ఈ సంగతి చేతిలో రాయి పెట్టి చెప్పాలి!

కానీ ఏరుకోవడానికి చోటేది? ఓపెన్ కాస్ట్ గనుల్లోకి, బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి (ఓబీ) గుట్టల మీదికి బయటివాళ్లను రానివ్వరు. బ్లాస్టింగ్ జరిగే చోట, మట్టి జారే చోట అది సబబే. కవ్వాల్ అభయారణ్యంలో రాయి కూడా తీయకూడదు. కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరికి జనం వజ్రాలు వెతుకుతారు గానీ, అది బతుకు మారుతుందన్న ఆశ. నేనడిగేది చదువు కోసం.

మార్గం కష్టమేమీ కాదు. గని బయట చదునైన జాగాలో నాలుగు లారీల షేల్ పోయించి కంచె వేస్తే చాలు. కరీంనగర్‌లో క్వారీ వ్యర్థాల ముక్కలతోనూ ఇలాగే చేయొచ్చు. తలకిన్ని కిలోలని హద్దు పెట్టాలి, అమ్మకం నిషేధించాలి, దొరికిందేమిటో చెప్పడానికి భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు ఒకరుండాలి. ఇక్కడి బొగ్గు గనులు నడిపే సింగరేణి సంస్థలో అలాంటివాళ్లున్నారు. డబ్బు కావాలంటే 2015 గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి ఉంది. దాని ప్రాధాన్యాల్లో విద్య ఒకటి. పెద్దపల్లి, కరీంనగర్ కలెక్టర్లు, సింగరేణి యాజమాన్యం కలిసి ముందుగా ఒక్క చోట మొదలుపెట్టాలని కోరుతున్నాను.